సద్దుల బతుకమ్మ తర్వాత కనబడకుండా పోయినవాళ్లకు: బరువు తగ్గడంలో అపోహలు, వాస్తవాలు

ఏటా దసరా పోయిన రెండు వారాలకు నా గది ముందు కుర్చీలు ఖాళీ అవుతాయి. ఎంగిలిపూల బతుకమ్మ దాకా వారం తప్పకుండా వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ కనబడరు. ఫోన్ చేస్తే "ఊరికి వచ్చినం మేడం, ఇంకా రాలే" అంటారు. ఆ ఊరు పరకాలో నర్సంపేటో, గంట ప్రయాణం. అసలు జరిగింది నాకు తెలుసు. తొమ్మిది రోజులు ఇంట్లో మలీద ముద్దలు, సద్దుల నాడు నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగన్నం, పండుగ నాడు యాట కూర, బగారన్నం. తెల్లారి మిషన్ ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపించింది. ఇక మేడం ముందుకు ఏ మొహం పెట్టుకొని పోవాలె అని ఆగిపోయారు.

హనుమకొండలో పదహారేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ పోస్టు ముఖ్యంగా ఆ ఆగిపోయినవాళ్ల కోసం. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: "రెండు కిలోలు పెరిగినయి. మూడు నెలల కష్టం పోయింది. నాతోని కాదు."

ముందు ఆ రెండు కిలోల సంగతి తేలుద్దాం. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒంటికి అవసరమైనదానికి మించి సుమారు 7,700 కిలోక్యాలరీలు తినాలి. రోజుకు 1,800 సరిపోయే మనిషికి అది నాలుగు రోజుల తిండి కంటే ఎక్కువ. రెండు కిలోలంటే ఎనిమిది రోజుల తిండి, అదీ రోజూ తినేది తినగా పైన. ఒకటి రెండు పూటల్లో అంత తినడం ఎవరి వల్లా కాదు. మిషన్ చూపించిందాంట్లో చాలావరకు నీళ్లే. అన్నం, బెల్లం ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు కొంత గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. గ్రాము గ్లైకోజెన్ వెంట దాదాపు మూడు గ్రాముల నీళ్లు చేరతాయి. కూరలోని ఉప్పు ఇంకొన్ని నీళ్లు పట్టి ఉంచుతుంది. పేగుల్లో ఇంకా కదలని తిండి బరువు వేరే. నెలసరి ముందు రోజులైతే అదొకటి. ఎప్పటి తిండికి వస్తే వారం లోపే ఇందులో చాలావరకు దిగిపోతుంది. తొమ్మిది రోజుల్లో నిజంగా కొంత కొవ్వు కూడా చేరి ఉండొచ్చు, అరకిలో అనుకుందాం. మూడు నెలల్లో తగ్గిన నాలుగు కిలోలను అరకిలో మింగేయదు కదా.

మేడారంలో నిలువెత్తు బంగారం తూచుకునేటప్పుడు మనవాళ్లను చూడండి. మనిషి ఎంత ఉంటే అంత బెల్లం అమ్మవార్లకు. కాంటా ఎంత చూపినా సంతోషమే, పిల్లలూ పెద్దలూ వరుసపెట్టి ఎక్కుతారు. అదే మనిషి నా గదిలోకి వస్తే చెప్పులు విప్పి, ఫోన్ పక్కన పెట్టి, చేతి గాజులు తీసి చెల్లెలికిచ్చి, ఊపిరి బిగబట్టి మిషన్ ఎక్కుతుంది. ఎక్కాక కళ్లు మూసుకొని "పైకి చదవకుండ్రి మేడం" అంటుంది. ఆ క్షణంలో ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో మెడ దగ్గర నరంలో నాకు కనబడుతుంటుంది. పరీక్ష ఫలితం ముందు నిలబడ్డ పిల్లలాగే ఉంటుంది ఆ తల్లి.

నేను చూసినంతలో పండుగ తిండితో చెడిపోయినవాళ్లు లేరు. చెడింది ఆ తర్వాత రాకుండా ఉన్న నాలుగు నెలల్లో. "ఎట్లాగూ పాడైంది గదా, సోమవారం నుంచి చూద్దాం" అన్న మాటతో అది మొదలవుతుంది. ఆ సోమవారం దీపావళి దాకా పోతుంది. తర్వాత సంక్రాంతి సకినాలు, తర్వాత మాఘమాసం లగ్గాలు. మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి తగ్గిన నాలుగు కిలోలూ వచ్చి, వాటి మీద ఇంకో మూడు ఉంటాయి. అప్పుడామె "చెప్పిన గద మేడం, నాతోని కాదని" అంటుంది. తను చెప్పిందే నిజమైందని నమ్ముతుంది.

ఈ "ఎట్లాగూ పాడైంది" బలహీన మనస్తత్వమని అనుకునేవాళ్లకు ఒక ప్రయోగం చెబుతాను. 1975లో అచ్చైంది. కాలేజీ అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి మార్కులు వేయమని గిన్నెలు ముందు పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు, కడుపు నిండింది కాబట్టి. ఎప్పుడూ డైట్ పట్టుకొని ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం తప్పాం, ఇక ఏముంది అనుకున్నారు. మన వరంగల్ ఆమెదీ ఆ అమెరికా అమ్మాయిలదీ ఒకటే లెక్క. నియమాన్ని అద్దంలా పట్టుకున్నవాళ్లు చాలామంది, దానికి చిన్న బీట పడితే మొత్తం పారేస్తారు.

ఇంకొకటి, 2007 నాటిది. ఇందులో డోనట్ తినిపించాక కొంతమందికి "అందరూ తింటారు, దీనికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి" అని ఒక్క మాట చెప్పారు, మిగతావాళ్లకు చెప్పలేదు. తర్వాత మిఠాయిలు ముందు పెట్టారు. డైట్ పట్టింపు ఉన్నవాళ్లలో ఆ మాట విన్నవాళ్లు తక్కువ తిన్నారు. క్షమించుకుంటే అలుసై ఇంకా తింటామని అందరికీ భయం. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఈ సంగతి నేను పుస్తకాల కంటే ముందు నా తప్పుతో నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పేషెంట్ పుస్తకంలో బరువు తగ్గితే నీలం ఇంకుతో, పెరిగితే ఎర్ర ఇంకుతో రాసేదాన్ని. అలా రాస్తే జాగ్రత్తగా ఉంటారని నా నమ్మకం. కాశిబుగ్గ వైపు నుంచి ఒకామె వచ్చేది, కిరాణం కొట్టు నడుపుకునేది, యాభై దాటినామె. షుగర్ అప్పుడే బయటపడింది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.9. ఐదు నెలల్లో చక్కగా ఐదు కిలోలు తగ్గింది. బిడ్డ పెళ్లి చేసి వచ్చిన వారం ఆరు వందల గ్రాములు పెరిగింది. ఎర్ర ఇంకుతో రాసి, కింద గీత కూడా గీశాను. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం కొంగులో పెట్టుకొని పోయింది.

మళ్లీ పద్నాలుగు నెలలకు వచ్చింది. అరికాలులో మంటలని వచ్చింది. హెచ్‌బీఏ1సీ 9.4. మధ్యలో ఒక్కసారి కూడా షుగర్ చూపించుకోలేదు. ఎందుకమ్మా అంటే, "ఆ ఎర్ర గీత సూశిన కాడికెల్లి దవాఖాన దిక్కు రాబుద్ధి కాలే బిడ్డా. బడిల పంతులు కొట్టినట్టయింది" అంది. నన్ను నిందించడానికి అనలేదు, తనదే తప్పన్నట్టు తల దించుకొని అంది. ఆ రోజు నుంచి నా టేబుల్ మీద ఎర్ర పెన్ను లేదు. పెళ్లిలో ఒక లడ్డూ ఎక్కువ తిన్నదానికి ఆమెకు ఏమీ అయ్యేది కాదు. నేను గీసిన గీతకు పద్నాలుగు నెలల వైద్యం పోయింది.

అందుకే ఇంట్లోవాళ్లకూ చెబుతున్నాను. ఫంక్షన్‌లో నలుగురి ముందు "మళ్ల దొడ్డుగైనవ్ గదనే" అనడం, పళ్లెంలో రెండో గారె వేసుకుంటే అత్త, ఆడబిడ్డ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, భర్త పక్కింటామెతో పోల్చడం, ఇవి మంచికే అంటున్నాం అనుకుంటారు. వీటితో ఆమె బయట తినడం మానేసి, అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి తింటుంది. నాకు ఏడుస్తూ చెప్పినవాళ్లున్నారు. దయచేసి ఆ నోటిని అదుపులో పెట్టుకోండి.

తప్పిన తెల్లారి ఏం చేయాలి? ఉపవాసం ఉండొద్దు. సాయంత్రానికి ఆకలి తిరగబడుతుంది. ఎప్పటి జొన్న రొట్టె, ఎప్పటి పప్పు, ఎప్పటి పుంటికూర. వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఎప్పటి నడక. మిషన్ ఐదు రోజులు ఎక్కొద్దు. "21 రోజులు తప్పకుండా చేస్తేనే అలవాటు అవుతుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి" అని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు. లండన్‌లో 2010లో అచ్చైన పరిశోధనలో కొత్త అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని, సగటున 66 రోజులని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం ఆగలేదు.

అపోహ: "నాకు పట్టుదల లేదు, అందుకే ఆకలి ఆపుకోలేను."

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశారు. వాళ్లు ఇష్టపడి ఒప్పుకున్నవాళ్లు, మనసు గట్టివాళ్లు. కొన్ని వారాల్లోనే వాళ్ల మాటల్లో, కలల్లో అన్నిట్లోనూ తిండే. వంటల పుస్తకాలు కొని చదువుకున్నారు. ఒంటికి తిండి తగ్గితే ధ్యాస తిండి మీదికి పోతుంది, ఎంత గట్టివాళ్లకైనా. 2011లో ఆస్ట్రేలియాలో ఇంకొకటి చూశారు. పది వారాలు బాగా తక్కువ తిని బరువు తగ్గినవాళ్లలో ఆకలిని పెంచే హార్మోన్లు, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు ఏడాది తర్వాత కూడా పాత స్థితికి రాలేదు. ఒళ్లు పోయిన బరువును వెనక్కి అడుగుతూనే ఉంది.

కాబట్టి రోజుకు 800 క్యాలరీల డైట్ చార్టు ఎవరో ఫార్వర్డ్ చేస్తే దాన్ని పదిహేను రోజులు కూడా పట్టుకోలేకపోయానని బాధపడకండి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లో ఆ చార్టు పట్టుకోవడం చాలామంది వల్ల కాదు. నెలకు ఒకటి నుంచి రెండు కిలోలు తగ్గేలా, అన్నం మానకుండా, పప్పూ గుడ్డూ పెరుగూ పెంచి తినే పద్ధతి చూసుకోండి.

ఈ మధ్య బరువు తగ్గించే సూదులు మన దగ్గర కూడా వచ్చాయి. 2025లో అమ్మకానికి వచ్చినప్పటి నుంచి "సూది తీసుకుంటే ఓడిపోయినట్టే కదా మేడం" అని అడుగుతున్నారు. బీపీ మాత్ర వేసుకుంటే ఓడిపోయినట్టా? డాక్టర్ పరీక్షించి అవసరమని రాస్తే అది వైద్యం. ఆపేస్తే పోయిన బరువులో చాలాభాగం తిరిగొస్తుందని తెలుసుకొని మొదలుపెట్టండి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, అంతే.

అపోహ: "ముల్లు కదల్లేదంటే చేసిందంతా వృథా."

చెన్నైలో షుగర్ వచ్చే దశలో ఉన్నవాళ్ల మీద జరిగి 2006లో అచ్చైన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితం నేను అందరికీ చెబుతాను. నడక, తిండి మార్పు పాటించినవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! బరువు తగ్గకపోయినా లోపల మేలు జరిగింది. నెలకోసారి టేపు తీసుకొని నడుము కొలవండి. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలి. అది దిగుతుంటే మీ కష్టం ఫలిస్తున్నట్టే. మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గిందా, రాత్రి నిద్ర పడుతుందా, నన్ను అడగండి, అవి కూడా పుస్తకంలో రాస్తాను.

మిగతావి త్వరగా. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరిగినట్టు కాదు, నీళ్లు తాగగానే ఆ బరువు వచ్చేస్తుంది. రాత్రి అన్నం బదులు ఐదు చపాతీలు తింటే లాభం లేదు, రెండూ దగ్గర దగ్గర అంతే శక్తినిస్తాయి. జీలకర్ర నీళ్లు, నిమ్మకాయ తేనె కొవ్వును కరిగించవు, తాగాలనిపిస్తే తాగండి. "థైరాయిడ్ ఉంది, ఇక తగ్గను" అని చేతులెత్తేయకండి. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వల్ల పెరిగే బరువు మామూలుగా ఐదు కిలోల లోపే, అందులో చాలావరకు ఉప్పు, నీళ్లు. మాత్ర సరిగ్గా వేసుకొని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్) అదుపులోకి వచ్చాక మీరూ అందరిలాగే తగ్గగలరు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిలు, బరువు నెమ్మదిగా తగ్గితే అది మీ సోమరితనం అనుకోకండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యం మందులు బరువు పెంచుతాయి. అందుకని వాటిని మీకు మీరు ఆపకండి, మందుల చీటీ నాకు చూపించండి, డాక్టర్‌తో నేను మాట్లాడతాను.

ఒక్కటి మాత్రం తొందరపడి దాటను. దాచుకొని తినడం, తిన్నాక వేలు పెట్టి వాంతి చేసుకోవడం, అద్దం చూడలేకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం, వీటిలో ఏదున్నా బరువు సంగతి పక్కన పెట్టండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంటర్ చదివే పిల్లల తల్లులు ఈ సంకేతాలు గమనించండి, తిట్టకుండా పక్కన కూర్చోండి.

పండుగ నుంచి రానివాళ్లు ఈ గురువారమే రావొచ్చు. పుస్తకం పోయినా ఫర్వాలేదు, కొత్తది నేనిస్తాను. పాత షుగర్ రిపోర్టు, మందుల చీటీ ఉంటే తెండి. మిషన్ ఎక్కడం ఇష్టం లేకపోతే ఆ రోజు ఎక్కకండి. కిరాణం కొట్టు అమ్మ ఇప్పటికీ రెండు నెలలకోసారి వస్తుంది, మొన్న వచ్చినప్పుడు తనే మిషన్ ఎక్కి, అరకిలో పెరిగిందని పైకి చదివి, "మనుమని పుట్టువెంట్రుకలు తీసినం బిడ్డా, రాసుకో" అంది. నీలం ఇంకుతో రాశాను.