సముద్ర మట్టాన్ని కొలిచే రాడార్ ఆల్టీమీటర్లు: అపోహలు – వాస్తవాలు

రాడార్ ఆల్టీమీటర్ అంటే ఉపగ్రహం నుంచి పల్స్‌ను, అంటే రేడియో తరంగాల ఒక విడతను, కిందికి పంపి, అది సముద్రాన్ని తాకి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం.

అపోహ: సెంటీమీటర్ల కచ్చితత్వం రావాలంటే అతి పొట్టి పల్స్ పంపాలి.

వాస్తవం: ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ 1336 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జేసన్ శ్రేణి ఉపగ్రహాల ఆల్టీమీటర్ పంపే పల్స్ దాదాపు 100 మైక్రోసెకన్లు సాగుతుంది. అంటే అంతరిక్షంలో దాని పొడవు సుమారు 30 కిలోమీటర్లు. పొట్టి పల్స్‌లో సరిపడా శక్తిని నింపాలంటే ప్రసారిణి సామర్థ్యం విపరీతంగా పెరగాలి కాబట్టి, పొడవాటి పల్స్‌లో పౌనఃపున్యాన్ని 320 మెగాహెర్ట్జ్ మేర క్రమంగా మారుస్తూ పంపి, తిరిగి వచ్చాక కుదిస్తాం. ఇంత చేసినా దూరాన్ని విడదీసి చూడగలిగేది 47 సెంటీమీటర్ల వరకే. మిగతా పని సగటుది. ఒక్క పల్స్ ప్రతిధ్వనిని గీసి చూస్తే రంపపు పళ్లలా కనిపిస్తుంది. సెకనులో వచ్చే వెయ్యికి పైగా ప్రతిధ్వనులను కలిపి సగటు తీస్తేనే, సంకేతం ఎగబాకే అంచు స్పష్టమై, దాని నడిమి బిందువు సగటు సముద్ర మట్టాన్ని చూపుతుంది. అలలు పెద్దవైతే ఆ అంచు నిటారుగా కాక మరింత ఏటవాలుగా సాగుతుంది. అలల ఎత్తు తెలిసేది దానివల్లే.

అపోహ: యాంటెన్నా కిరణం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: 1.2 మీటర్ల యాంటెన్నా కిరణం సముద్రంపై దాదాపు 30 కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. ఇది లోపం కాదు, కోరి తెచ్చుకున్నదే. గోళాకారపు తరంగం ముందుగా సరిగ్గా కిందనున్న నీటినే తాకుతుంది కాబట్టి, కొలిచే ప్రదేశాన్ని కిరణం వెడల్పు కాకుండా ప్రతిధ్వని తిరిగి వచ్చే కాలమే కొన్ని కిలోమీటర్లకు పరిమితం చేస్తుంది; ఉపగ్రహం కాస్త ఒరిగినా కొలత పెద్దగా చెడదు.

అపోహ: పౌనఃపున్యం పెంచితే అన్నీ లాభాలే.

వాస్తవం: ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2013లో పంపిన సరళ్ ఉపగ్రహం జేసన్ వాడేదానికంటే ఎక్కువ పౌనఃపున్యమున్న కేఏ బ్యాండ్‌లో పనిచేసింది. అయనోవరణం (పై వాతావరణంలో విద్యుదావేశ కణాలున్న పొర) ప్రభావం దాదాపు తప్పింది కానీ, వాన పడితే సంకేతం బాగా క్షీణిస్తుంది.

అపోహ: రాడార్ దూరం సరిగ్గా చెబితే చాలు, మట్టం తెలిసినట్లే.

వాస్తవం: కక్ష్య ఎత్తులోంచి ఆ దూరాన్ని తీసివేయాలి, పొడి గాలి సంకేతానికి కలిగించే ఆలస్యమే దూరంలో సుమారు 2.3 మీటర్లకు సమానం, తేమ కలిగించే ఆలస్యాన్ని మైక్రోవేవ్ రేడియోమీటర్ అనే వేరే పరికరం కొలవాలి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా వేధించేది అలల పక్షపాతం: అల శిఖరంకంటే లోయ రాడార్‌ను బాగా ప్రతిబింబిస్తుంది కాబట్టి, సముద్రం ఉన్నదానికంటే కాస్త కిందికి కనిపిస్తుంది. దీన్ని పరికరంలో సరిచేసే దారి లేదు. అలల ఎత్తును, గాలి వేగాన్ని బట్టి అంచనా కట్టి కలుపుకోవలసిందే.