పెళ్లయితే ఫాఫ్సాలో ఎవరి ఆదాయం చూపాలి?

అమెరికాలో 24 ఏళ్లు నిండని డిగ్రీ విద్యార్థి ఫాఫ్సా అనే దరఖాస్తుతో చదువుకు ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం కోరితే సాధారణంగా అమ్మానాన్నల ఆదాయం చూపాలి. పెళ్లయితే వాళ్ల లెక్క పక్కకు పోయి, భార్య లేదా భర్త ఆదాయం వచ్చి చేరుతుంది. విడిగా ఉంటూ సొంత సంపాదనతో చదువుకునే పెళ్లికాని విద్యార్థికి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

1970లలో పద్ధతి వేరు. అమ్మానాన్నలు పన్ను పత్రంలో తమపై ఆధారపడినట్టు చూపారా, ఏడాదిలో ఆరు వారాలకు మించి వాళ్లింట్లో ఉన్నారా, పరిమితికి మించి డబ్బు తీసుకున్నారా అని అడిగేవారు. వీటిని రుజువు చేయడం కష్టం, కావలసినట్టు అమర్చుకోవడం తేలిక. అందుకే ఉన్నత విద్యా చట్టానికి 1986లో చేసిన సవరణల్లో 24 ఏళ్ల వయసు గీటురాయి అయింది. అంతకన్నా చిన్నవాళ్లలో పెళ్లయినవారిని, అమ్మానాన్నలు పన్నులో చూపకపోతే ఇండిపెండెంట్‌గా, అంటే అమ్మానాన్నలపై ఆధారపడనివారిగా లెక్కించారు. పెళ్లికానివారికీ ఒక దారి ఉంచారు: రెండేళ్లు పన్నులో చూపకుండా, ఏటా 4,000 డాలర్ల సొంత వనరులుండాలి. 1992 సవరణలు ఆ దారి మూసేసి, పెళ్లికి మాత్రం పన్ను షరతు తీసేశాయి. ఫాఫ్సా దరఖాస్తు వచ్చిందీ ఆ చట్టంతోనే. పెళ్లికాని విద్యార్థి ప్రత్యేక పరిస్థితులుంటే కాలేజీ సాయ విభాగం విచక్షణను కోరాల్సిందే. ఇది న్యాయంగా లేదు.

పెళ్లితో ఖాయంగా మారేది రుణ పరిమితి. మొదటి ఏడాది డిపెండెంట్‌కు (అమ్మానాన్నలపై ఆధారపడినవారికి) 5,500 డాలర్లు, ఇండిపెండెంట్‌కు 9,500. డిగ్రీ మొత్తానికి 31,000, 57,500. ఇది అప్పు. తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ సాయమైన పెల్ గ్రాంటు సంగతి వేరు, అది జంట ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అమ్మానాన్నల ఆదాయంలో మినహాయింపులు పోగా మిగిలినదాన్ని 22 నుంచి 47 శాతం మెట్ల లెక్కన తీసుకుంటారు. పిల్లల్లేని జంటకు నేరుగా 50 శాతం. అంటే ఉద్యోగస్థుడిని చేసుకున్న అమ్మాయికి గ్రాంటు పోవచ్చు. ఇద్దరూ చదువుకుంటూ కొద్దిగా సంపాదించేవాళ్లయితే పెరగవచ్చు.

పన్ను వివరాలు రెండేళ్ల కిందటివి. 2025-26 విద్యా సంవత్సరానికి 2023 ఆదాయం చూస్తారు. అప్పటికి పరిచయం కూడా లేని భర్త జీతమూ అందులో కలుస్తుంది. 2020 చివర్లో వచ్చిన ఫాఫ్సా సరళీకరణ చట్టం 2024-25 నుంచి అమల్లోకి వచ్చాక, ఇద్దరూ విడిగా పన్ను దాఖలు చేసి ఉంటే భర్త ఫెడరల్ సాయం వెబ్‌సైట్‌లో తన ఖాతా తెరిచి, తన పన్ను వివరాలు తీసుకోవడానికి సమ్మతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫెడరల్ సాయానికి అర్హత ఉండదు. కొత్తగా పెళ్లయినవాళ్ల దరఖాస్తులు ఇక్కడ ఆగిపోవచ్చు.

తెలుగు ఇళ్లలో చూడాల్సిన మెలిక ఒకటుంది. ఎఫ్-1 (విద్యార్థి), హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల) వీసాలవారికి ఫెడరల్ సాయం లేదు. పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నంత మాత్రాన రాదు, గ్రీన్‌కార్డు చేతికి రావాలి. అమ్మాయి పౌరురాలై భర్త హెచ్-1బీలో ఉంటే, అతనికి అర్హత లేకపోయినా అతని జీతం లెక్కలోకి వస్తుంది.

ఫాఫ్సాపై సంతకం చేసిన రోజు ఉన్న స్థితే రాయాలి. నిశ్చితార్థం పెళ్లి కిందకు రాదు. సంతకం తర్వాత పెళ్లయితే ఆ ఏడాదికి మార్చాలా వద్దా అన్నది కాలేజీ నిర్ణయం. సొంత నిధులిచ్చే కొన్ని ప్రైవేటు కాలేజీలు, పెళ్లయినా అమ్మానాన్నల ఆదాయం అడుగుతాయి. ముహూర్తం పెట్టకముందే సాయ విభాగానికి రాసి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి.