టెన్త్ వచ్చిందని ఆట మాన్పించేస్తున్నారా? డ్రిల్లు మేస్టారి మాట ఒకటి వినండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే నాకు తెలిసిపోతుంది, ఈసారి ఎవరెవరు గ్రౌండ్‌కి రారో. "మేస్టారూ, పాపకి ఈ ఏడు టెన్త్ అండి, ఇంక ఆటలొద్దండి, ఏమీ అనుకోకండి" అంటారు గేటు దగ్గర నిలబడి. పదిహేడేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నా, ఈ మాట వినని ఏడు లేదు. వాళ్ళని తప్పుపట్టను, అప్పు చేసి చదివించే వాళ్ళకి భయం ఉంటుంది. కానీ పిల్లలకి ఎక్కువ నష్టం చేసే అపోహ మాత్రం ఇదే.

అపోహ: ఆడితే మార్కులు పోతాయి.

వాస్తవం: ఆట మాన్పించిన గంటలో పిల్లలు చదవట్లేదండి, ఆ గంట సెల్‌ఫోన్‌కి పోతోంది, నేను చూసిన ఇళ్ళల్లో చాలావాటిలో ఇదే జరిగింది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, టెన్త్ పిల్లలూ అందులోనే ఉన్నారు. పైగా మా దగ్గర సెలక్షన్లు చాలావరకు దసరాకి అటూ ఇటూగా అయిపోతాయి, పబ్లిక్ పరీక్షలు మార్చిలో.

అసలు ఆటలో ఏం నేర్చుకుంటారు అని అడుగుతారు కదా, ఖోఖో చూడండి. తరిమే టీమ్‌లో ఎనిమిది మంది ఒకళ్ళు అటు ఒకళ్ళు ఇటు తిరిగి కూర్చుంటారు, పరిగెత్తి తరిమేది ఒక్కళ్ళే. 9 నిమిషాల టర్న్‌లో ఎక్కువసేపు కూర్చునే ఉండాలి, అలాగని ఏమరుపాటుగా ఉంటే కుదరదు, వెనక నుంచి తట్టి "ఖో" అని ఎప్పుడు లేపుతారో తెలీదు. పడకముందే లేస్తే ఫౌల్. లేచి ఒక దిక్కు పట్టాక పోల్ దాటేదాకా వెనక్కి తిరగడానికి లేదు. ఎదుటి టీమ్ వాడు అందలేదా, పక్కవాడికి ఖో ఇచ్చేసి వాడి చోట్లో కూర్చోవాలి, నేనే అవుట్ చేస్తానని పంతానికి పోతే టీమ్ మొత్తం నష్టపోతుంది. ఓపిక పట్టడం, అవకాశం పక్కవాడికి ఇవ్వడం పద్నాలుగేళ్ళ పిల్లలకి నేను నోటితో చెప్తే ఎక్కదు, రోజూ ముప్ఫైసార్లు లేచి కూర్చుంటే ఒంట్లోకి ఎక్కుతుంది.

మా టీమ్‌లో ఒక పాప ఉండేది, మంచి చేజర్. జోనల్ ఫైనల్లో చివరి నిమిషంలో ఖో పడకుండానే లేచేసింది, ఓడిపోయాం. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది, అన్నం కూడా తినలేదట. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు గ్రౌండ్‌కి వచ్చి "సార్, ఎక్కడ తొందరపడ్డానో చూపించండి" అంది. తర్వాతి ఏడు టెన్త్‌లో హాఫ్ ఇయర్లీ లెక్కల్లో తప్పింది. వాళ్ళమ్మ ఆట మాన్పించేస్తానంటే పొద్దున గంట మాత్రం వదలమని బతిమాలాను. ఆ పాప పేపర్ దాచుకోలేదు, లెక్కల మేస్టారి దగ్గరకి పట్టుకెళ్ళి "ఎక్కడ తప్పు పోయిందో చెప్పండి సార్" అని అడిగింది. ఆయన స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట చెప్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. పబ్లిక్‌లో లెక్కలు పాసయింది.

ఓడిపోతే పిల్లలు కుంగిపోతారు అనేవాళ్ళకీ ఇదే నా జవాబు. పదమూడేళ్ళకి మైదానంలో ఓడటం ఎలాగో తెలిస్తే, ఇంటర్ రిజల్ట్స్ రోజు ఆ పిల్ల గది తలుపేసుకోకుండా మన పక్కన కూర్చుంటుందని నా ఆశ.

మిగతావి గబగబా చెప్తా. నెలసరి రోజుల్లో ఆడకూడదన్న రూల్ ఏం లేదు, ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, నొప్పి ఉంటే ఆ రోజు కూర్చోవచ్చు. ఎండకి నల్లబడతారంటారు, నల్లబడితే ఏమయిందమ్మా? ఆడినవాళ్ళందరూ 2023లో బ్యాంకాక్‌లో హర్డిల్స్ పరుగులో ఆసియా గోల్డ్ కొట్టిన మన విశాఖ జ్యోతి యర్రాజీలా అవ్వరు, అవ్వక్కర్లేదు కూడా. ఇక డబ్బులిస్తే స్పోర్ట్స్ సర్టిఫికెట్, దాంతో ఉద్యోగం అని వాట్సాప్‌లో తిరిగేవి దయచేసి నాకు పంపకండి. స్పోర్ట్స్ కోటాలో ఏ స్థాయిలో ఆడారో చూస్తారు, సర్టిఫికెట్ వెరిఫై చేస్తారు, దొంగదైతే కేసవుతుంది.

ఈ ఏడు టెన్త్‌లోకి వచ్చిన మా ఖోఖో పిల్లల్లో నలుగురు ఇంకా గ్రౌండ్‌కి రాలేదు. ఆదివారం వాళ్ళ ఇళ్ళకి వెళ్తున్నా.