మచ్చ తగ్గింది సరే, పూర్తిగా పోయిందా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే మనిషి తగ్గని దగ్గుతో ఒంగోలు వచ్చి ఎక్స్‌రే తీయించుకున్నాడనుకుందాం. ఊపిరితిత్తిలో తెల్లటి మచ్చ. క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. యాంటీబయాటిక్స్ వాడి మళ్లీ తీయిస్తే మచ్చ చిన్నదైంది. 'హమ్మయ్య, నెమ్మే (న్యుమోనియా)' అనుకుని ఇక ఆస్పత్రి వైపు వెళ్లరు. నాకు భయం వేసేది ఇక్కడే.

ఊపిరితిత్తి నిండా గాలే కాబట్టి ఎక్స్‌రేలో నల్లగా పడుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే గాలి గదుల్లో చీము, నీరు చేరి అంతమేరా తెల్లగా కనిపిస్తుంది. మందు క్రిముల్ని చంపుతుందంతే. మిగిలిన చెత్తను మన కణాలే తినేసి శుభ్రం చేసుకోవాలి. అందుకే జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా మచ్చ పోవడానికి వారాలు పడుతుంది. పెద్దవయసు వాళ్లకు, పొగతాగే వాళ్లకు ఇంకా ఆలస్యం.

గుండ్రటి మచ్చ అడ్డకొలత 4 సెంటీమీటర్ల నుంచి 2కి వస్తే సగమైందంటాం. నిజానికి పొడవు, వెడల్పు, లోతు మూడూ సగమవుతాయి కాబట్టి లోపల మిగిలింది ఎనిమిదో వంతే! సంతోషించాల్సిన మార్పే. కానీ తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు. శ్వాసనాళానికి క్యాన్సర్ గడ్డ అడ్డుపడితే, కాలవలో మొద్దు వెనక నీళ్లు నిలిచినట్టు, దాని వెనక కళ్లె, చీము పేరుకుంటాయి. యాంటీబయాటిక్‌తో ఆ చీము పోయి మచ్చ తగ్గుతుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

టీబీది ఇంకో చిక్కు. మామూలు నెమ్ముకని ఇచ్చే లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. దగ్గు తగ్గుతుంది, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. మామూలు టీబీకైనా సరైన మందుల కలయిక సాధారణంగా 6 నెలలు వాడాలి. రాతిధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాళ్లకు టీబీ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి క్వారీ పనివాళ్లకు, మార్కాపురం వైపు పలకల పని చేసినవాళ్లకు కళ్లె పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. సిలికోసిస్ మచ్చలైతే ఏ మందుకూ కరగవు. ఇంకోటి, టీబీ మందులు మొదలుపెట్టాక కొందరికి మచ్చ ముందు కాస్త పెరుగుతుంది. మందు పనిచేస్తున్నా శరీరం తిరగబడటం వల్ల అలా జరగొచ్చు. డాక్టర్‌ని అడగకుండా మందులు మానేయకూడదు.

నెమ్ముకు మందులు వాడినవాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. అప్పటికీ మచ్చ మిగిలి ఉంటే సీటీ స్కాన్, అవసరమైతే ముక్క పరీక్ష (బయాప్సీ) అడగాలి. పాత ఫిల్ములు పారేయకండి. రెండేళ్లుగా ఏమాత్రం పెరగని గట్టి మచ్చ చాలావరకు ప్రమాదంలేనిదే, ఆ సంగతి తేల్చేది పాత ఫిల్మే.