బిమ్ గురించి మన సైట్లలో వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి పరిసరాల్లో కడుతున్న లాడ్జీలకు, ఆసుపత్రులకు, అపార్టుమెంట్లకు ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ విభాగాలవారు తయారుచేసే డిజిటల్ మోడళ్లను ఒకచోట చేర్చి సరిచూడడం నా వృత్తి. ఈ పద్ధతిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అనీ, పొట్టిగా బిమ్ అనీ అంటాం. ఒకప్పుడు ఇది హైదరాబాదు, చెన్నై కార్యాలయాల్లో మాత్రమే వినిపించే మాట. ఇప్పుడు మన ఊరి యజమానులు కూడా తమ కట్టడానికి బిమ్ చేయిస్తున్నారా లేదా అని అడుగుతున్నారు. అడగడం మంచిదే. అయితే ఆ మాటతో వారు ఆశించేది ఒకటి, దానివల్ల నిజంగా చేకూరేది మరొకటి అవుతోంది. శ్లాబు పోశాక బయటపడే తప్పును పోయకముందే, సంబంధించిన వాళ్లందరూ కూర్చుని తేల్చుకోవడం కోసమే ఈ పద్ధతి పుట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పబోయే అపోహల్లో చాలావరకు ఈ అసలు ప్రయోజనాన్ని మరుగుపరిచేవే.

అపోహ: బిమ్ అంటే కట్టడానికి ముందే చూపించే అందమైన త్రీడీ బొమ్మ.

వాస్తవం: బ్రోచరు కోసం గీసిన త్రీడీ బొమ్మలో గోడ అంటే రంగు పూసిన ఒక తలం మాత్రమే. బిమ్ మోడల్‌లోని గోడకు మందం, ఇటుక రకం, ఏ లెవెల్ నుంచి ఏ లెవెల్ దాకా ఉందన్న వివరం, దానిలో కూర్చున్న తలుపుతో సంబంధం అన్నీ ఉంటాయి. గోడను జరిపితే ప్లానులోనూ, సెక్షన్‌లోనూ, తలుపుల పట్టికలోనూ ఆ మార్పు దానంతట అదే వస్తుంది. అమెరికన్ పరిశోధకుడు చార్లెస్ ఈస్ట్‌మన్ 1970ల మధ్యలోనే బిల్డింగ్ డిస్క్రిప్షన్ సిస్టమ్ పేరుతో ప్రతిపాదించినది ఇదే: కట్టడం గురించిన సమాచారమంతా ఒకే చోట ఉండాలి, డ్రాయింగులు దానిలోనుంచి పుట్టాలి.

అలాగని దృశ్యరూపాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ప్లాను చదవడం అలవాటు లేని యజమానికి తన వంటింటి గట్టు ముందు నిలబడితే కిటికీ ఏ ఎత్తున ఉంటుందో, మెట్ల మలుపులో తల పైన ఎంత ఖాళీ మిగులుతుందో మోడల్‌లో చూపిస్తే, గంటసేపు చెప్పినా అర్థం కానిది క్షణంలో అర్థమవుతుంది. మన ప్రాంతంలో వాస్తు చూపించడం దాదాపు తప్పనిసరి, అయితే ఆ సూచనలు చాలాసార్లు పునాదులు లేచాక వస్తాయి. మొదటి సమావేశాల్లోనే వాస్తు చూసే పెద్దమనిషికి మోడల్ చూపించి, మెట్లు, మరుగుదొడ్లు, సంపు ఎక్కడ రావాలో ఆయన మాట అప్పుడే తీసుకుంటే, తర్వాత పైపులు నిలువునా దిగే షాఫ్టులు మార్చే పని తప్పుతుంది. మోడల్‌కు పనుల క్రమాన్ని జోడించి వారం వారం కట్టడం ఎలా లేస్తుందో చూపే ఫోర్‌డీ పద్ధతి కూడా ఇటువంటిదే. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో అందరం చూశాం. సెల్లారు తవ్వకం ఆ నెలల్లో పడుతోందని పట్టికలో చదివితే పట్టించుకోని యజమాని, గుంట తెరిచి ఉన్న మోడల్ మీద నవంబరు తేదీ కనిపించగానే తవ్వకాన్ని ఆ నెలల నుంచి తప్పించడానికి ఒప్పుకుంటాడు.

అపోహ: ఫలానా సాఫ్ట్‌వేర్ కొంటే బిమ్ వచ్చేసినట్లే, అందరూ అదే వాడాలి.

వాస్తవం: మన దగ్గర బిమ్ అన్నా రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ అన్నా ఒకటే అన్నట్లు మాట్లాడుతారు. రెవిట్ 2000లో వచ్చింది, 2002లో ఆటోడెస్క్ కంపెనీ చేతికి వెళ్లింది. మంచి సాఫ్ట్‌వేరే, నేనూ రోజూ వాడుతాను. అయితే హంగేరీలో పుట్టిన ఆర్కిక్యాడ్ అంతకంటే ఎంతో ముందు, 1980లలోనే ఉంది. స్టీలు కట్టడాల వాళ్లకు టెక్లా అలవాటు. వీటి మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ఐఎఫ్‌సీ అనే బహిరంగ ఫార్మాట్ ఉంది, అది ఐఎస్ఓ 16739 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం కూడా. కాబట్టి ఒప్పందం రాసుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు కంటే, ఏ దశలో ఎవరు ఏ ఫార్మాట్‌లో ఏ సమాచారం ఇవ్వాలన్నది రాసుకోవడం ముఖ్యం.

అపోహ: కలిసి పనిచేయడమంటే అందరూ ఒకే ఫైలులో పనిచేయడం, లేదా వాట్సాప్ గ్రూపులో అన్నీ పంచుకోవడం.

వాస్తవం: ఈ రెండూ సరికావు. ఎవరి మోడల్‌కు వారే బాధ్యులు; స్ట్రక్చరల్ ఇంజినీరు బీమును ప్లంబింగ్ విభాగం జరపడానికి వీల్లేదు. నిర్ణీత రోజుల్లో ఈ విడివిడి మోడళ్లను ఒకదాని మీద ఒకటి చేర్చి చూస్తాం. 2018లో వెలువడిన ఐఎస్ఓ 19650 ప్రమాణం దీనికి స్పష్టమైన క్రమం చెప్పింది: ఫైలు మొదట తయారీలో ఉంటుంది, తర్వాత ఇతర విభాగాల పరిశీలనకు వెళ్తుంది, ఆమోదం పొందాకే సైటుకు విడుదలవుతుంది, పాతబడినవి చెరిగిపోకుండా భద్రంగా ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన డ్రాయింగు ఫొటోకు ఇవేవీ ఉండవు. అది ఏ రివిజనో, ఎవరు ఆమోదించారో తెలియకుండానే సైటులో కడ్డీలు వంచే బార్ బెండరు చేతికి చేరిపోతుంది. సమాచారం పంపామన్న తృప్తి తప్ప, అది సరైన సమాచారమేనన్న భరోసా అక్కడ లేదు.

ఇక్కడే ఒక చిన్న విషయం గురించి గట్టిగా చెప్పాలి. ఆర్కిటెక్టు మోడల్‌లోని అంతస్తు లెవెల్ టైల్స్ వేసిన తర్వాతి లెవెల్, స్ట్రక్చరల్ మోడల్‌లోనిది కాంక్రీటు పై లెవెల్. రెంటికీ మధ్య 50 నుంచి 75 మి.మీ. తేడా ఉండడం మామూలే. ఎవరు ఏ లెవెల్‌ను సున్నాగా తీసుకున్నారో, ప్లాటు ఏ మూలను మూలబిందువుగా పెట్టుకున్నారో మొదటి రోజే రాసి సంతకాలు చేసుకోకపోతే, తర్వాత వచ్చే ప్రతి మెట్టూ, ప్రతి గడపా ఆ తేడాను మోస్తూనే ఉంటాయి. నాకు ఎదురైన సమన్వయ చిక్కుల్లో చాలావాటికి మూలం ఇంత సామాన్యమైన చోటే ఉంది.

అపోహ: క్లాష్ రిపోర్టులో సున్నా వస్తే డిజైను సరిగా ఉన్నట్లే.

వాస్తవం: ఒక విభాగం గీసినది మరొక విభాగం గీసినదాన్ని తాకితే దాన్ని క్లాష్ అంటాం. ఈ అపోహను కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్ని అపోహల్లో ఎక్కువ నష్టం చేసేది ఇదే.

తిరుపతిలో లాడ్జీ అంటే దాదాపు ప్రతి గదికీ ఒక స్నానాల గది, వాటికి నిలువునా షాఫ్టులు. ఒక ఉదాహరణ చూద్దాం. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, శ్లాబుతో కలిపి బీము లోతు 450 మి.మీ., అంటే కింది శ్లాబు నుంచి బీము అడుగు 2,550 మి.మీ. ఎత్తున ఉంటుంది. పై అంతస్తు మరుగుదొడ్డి నుంచి 110 మి.మీ. పైపు ఆ బీము కిందుగా దూరి 4.8 మీటర్ల అవతల ఉన్న షాఫ్టుకు చేరాలి. 40కి 1 చొప్పున వాలు ఇస్తే ఆ దూరంలో పైపు 120 మి.మీ. దిగుతుంది. బీము అడుగున 25 మి.మీ. సందు వదిలి, పైపు వ్యాసం, వాలు రెండూ తీసేస్తే, షాఫ్టు దగ్గర పైపు అడుగు 2,295 మి.మీ.కు వస్తుంది. కింద టైల్స్‌కు 75 మి.మీ. పోగా మిగిలేది 2,220. ఫాల్స్ సీలింగ్ ఫ్రేముకూ, బోర్డుకూ, లైటు కూర్చోవడానికీ చోటు తీస్తే సీలింగు ఏడడుగుల దగ్గర, అంటే తలుపు ద్వారబంధం పై అంచు దగ్గర ఆగుతుంది. పైపు బీమును తాకలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దీన్ని క్లాష్‌గా చూపదు. రిపోర్టులో సున్నా వస్తుంది. గదిలో అడుగు పెట్టిన యాత్రికుడికి మాత్రం సీలింగు తలకు తగిలేట్లు కనిపిస్తుంది, షాఫ్టు ఒకటే కాబట్టి అదే లోపం ప్రతి అంతస్తులోనూ పునరావృతమవుతుంది.

దీనికి మందు మనుషుల దగ్గరే ఉంది. షాఫ్టును దగ్గరికి తేవచ్చా అని ఆర్కిటెక్టును అడగాలి. బీములో పైపు దూరేందుకు స్లీవ్, అంటే ముందే అమర్చే గొట్టం, పెట్టవచ్చా అని స్ట్రక్చరల్ ఇంజినీరును అడగాలి. బీమును మోసే కాలమ్‌ల వంటి ఆధారాలకు దూరంగా, బీము లోతులో మధ్య భాగంలో, తగిన అదనపు కడ్డీలతో వీలవుతుందో లేదో ఆయన లెక్క చూసి చెప్పాలి. లోతు తగ్గించి వెడల్పు పెంచిన బీము సరిపోతుందేమో చూడాలి. ఈ ముగ్గురూ ఒకే మోడల్ ముందు కూర్చుంటే అరగంటలో తేలిపోయే విషయం ఇది. శ్లాబు పోశాక తెలిస్తే మిగిలేది కోర్ కటింగ్, అంటే గట్టిపడిన కాంక్రీటులో రంధ్రం కోయడం ఒక్కటే, దానిలో రింగులో కడ్డీలో తెగితే ఆ బీము మీద నమ్మకం ఎవరివ్వగలరు?

దీనికి వ్యతిరేకమైన సమస్య కూడా ఉంది. పరీక్ష నడపగానే వందల క్లాష్‌లు వస్తే కొందరు హడలిపోతారు, కొందరు ఆ సంఖ్యనే గొప్పగా చూపిస్తారు. ఒకే పైపు ఒకే వరుసలోని బీములను దాటితే అది ఒక సమస్య, రిపోర్టులో మాత్రం పది వరుసలు. గోడలోకి వెళ్లాల్సిన స్విచ్ బాక్సు గోడను తాకిందని చెప్పేవి అసలు సమస్యలే కావు. వీటిని గుంపులుగా చేసి, ఎవరు ఏ తేదీలోగా పరిష్కరించాలో రాయడమే కోఆర్డినేటరు చేసే అసలు పని. అలాగే వాల్వు తిప్పడానికి చేయి పట్టే చోటు, ఏసీ యూనిట్ ఫిల్టరు తీయడానికి కావలసిన జాగా కూడా మోడల్‌లో ఖాళీ పెట్టెలుగా గీసి ఉంచితేనే పరీక్షకు అందుతాయి.

అపోహ: మోడల్ నుంచి పరిమాణాలు నేరుగా వస్తాయి, ఇక ఖర్చు లెక్కగట్టే ఎస్టిమేటరుతో పనిలేదు.

వాస్తవం: పరిమాణాలు వస్తాయి, అయితే అవి బిల్లు చెల్లించే పరిమాణాలు కావు. మన దేశంలో కొలతల పద్ధతికి ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఆధారం. దాని ప్రకారం ప్లాస్టరింగ్‌లో 0.5 చదరపు మీటర్ల లోపు ఖాళీలకు తగ్గింపు లేదు, 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఉంటే, గోడ రెండు ముఖాలకూ ఒకే ప్లాస్టరు అయినప్పుడు, ఒక ముఖానికే తగ్గించి, పక్క అంచులకు అదనంగా ఏమీ కలపరు. 600కి 600 మి.మీ. వెంటిలేటరు 0.36 చదరపు మీటర్లు, కాబట్టి తగ్గింపే లేదు. 1.2 మీటర్ల చదరపు కిటికీ 1.44 చదరపు మీటర్లు, ఒక ముఖానికే తగ్గింపు. మోడల్ మాత్రం రెండింటినీ రెండు వైపులా నిక్కచ్చిగా తీసేస్తుంది. మోడల్ లెక్క జ్యామితి ప్రకారం సరైనదే, మేస్త్రీ కొలత ఒప్పందం ప్రకారం సరైనదే. ఈ తేడాకు కారణం తెలియని యజమాని కాంట్రాక్టరును అనుమానిస్తాడు. మధ్యలో ఎస్టిమేటరు లేకపోతే ఆ తగవు తీరదు.

కాంక్రీటులో తప్పు మోడల్ వైపు నుంచే జరుగుతుంది. శ్లాబును, బీమును సరిగా జోడించకుండా గీస్తే ఆ రెండూ కలిసే భాగం రెండుసార్లు లెక్కకు వస్తుంది. 450 మి.మీ. బీము మీద 125 మి.మీ. శ్లాబు పూర్తిగా పరిచినట్లు ఉంటే, బీము ఘనపరిమాణంలో నాలుగోవంతుకు పైగా రెట్టింపు లెక్క. చదరపు అడుగుకు ఇంత అని ఒప్పందం చేసుకునే మన అలవాటులో ఇది ఎవరికీ కనిపించదు. సిమెంటు, స్టీలు యజమానే తెచ్చి ఇచ్చే చోట మాత్రం వెంటనే తెలుస్తుంది. అందుకే మోడల్ పరిమాణాలను నమ్మేముందు ఒక్క గదికైనా చేత్తో లెక్కవేసి పోల్చి చూడమని నేను ప్రతి యజమానికీ చెబుతాను.

అపోహ: ఎంత ఎక్కువ వివరం ఉంటే అంత మంచి మోడల్.

వాస్తవం: ఏ దశకు ఎంత వివరం కావాలో చెప్పడానికి ఎల్‌ఓడీ (వివరాల స్థాయి) అనే పేరుతో 100 నుంచి 500 దాకా మెట్లు ఉన్నాయి. విభాగాల మధ్య సమన్వయానికి 300, 350 సరిపోతాయి. కర్మాగారంలో తయారయ్యే భాగాలకు 400 కావాలి. తలుపు గడియ ఆకారాన్ని గీస్తూ కూర్చుని, పైపు వాలు గీయని మోడల్ వల్ల ఉపయోగం లేదు.

అపోహ: మోడల్ ఉంటే కాగితం డ్రాయింగులు అక్కర్లేదు, మేస్త్రీలకు మోడల్ అర్థం కాదు.

వాస్తవం: రెండు మాటలూ తప్పే. మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో ప్లాను అనుమతికి సమర్పించేది క్యాడ్ డ్రాయింగే, సైటులో చెల్లుబాటయ్యేది సంతకం చేసిన డ్రాయింగే. ఆ డ్రాయింగు మోడల్ నుంచి తీసినదై ఉండాలి, విడిగా గీసినది కాకూడదు. ఇక మేస్త్రీల సంగతికొస్తే, బీము, కాలమ్ కలిసే చోట కడ్డీలు ఎలా దూరతాయో ఫోనులో తిప్పి చూపిస్తే, దానిలో కాంక్రీటును కుదించే వైబ్రేటరు సూది దిగదని ముందుగా చెప్పేది వాళ్లే. వాళ్లను సమన్వయ సమావేశానికి పిలవకపోవడం పెద్ద లోటు.

అపోహ: ఇదంతా పెద్ద ప్రాజెక్టులకే.

వాస్తవం: ప్రభుత్వాలు పెద్దవాటితో మొదలుపెట్టిన మాట నిజం. బ్రిటన్ 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు దీన్ని తప్పనిసరి చేసింది; సింగపూర్ 2015 నాటికి 5,000 చదరపు మీటర్లు దాటిన కట్టడాలకు అనుమతి దరఖాస్తులు మోడళ్ల రూపంలోనే ఇవ్వాలంది. ముప్ఫై అంకణాల స్థలంలో కట్టే ఇంటికి ఆ హంగులేవీ అక్కర్లేదు, పూర్తి మోడల్ చేయించడం డబ్బు వృథా అనే నేనూ చెబుతాను. అయితే చిన్న స్థలంలో మెట్లు, షాఫ్టు, సంపు, కారు నిలిపే చోటు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఆ ఒక్క భాగాన్ని మోడల్ చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీరుకూ, ప్లంబరుకూ ఒకేసారి చూపిస్తే చాలు. ఐఎఫ్‌సీ ఫైళ్లు తెరిచి చూసే వ్యూయర్లు ఉచితంగా దొరుకుతాయి, బ్లెండర్‌తో కలిసి పనిచేసే బోన్సాయ్ అనే ఉచిత సాధనంతో మోడల్‌ను తయారు చేయవచ్చు కూడా. ఇంజినీరుకు అడ్వాన్సు ఇచ్చే రోజునే, శ్లాబు సెంట్రింగ్ మొదలయ్యేలోగా పైపులు, స్లీవులు చూపే మోడల్ ఐఎఫ్‌సీ రూపంలో మీ చేతికి ఇవ్వాలని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకోండి.