పదిహేను వోల్టుల మెట్లు

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అని చెప్పి రప్పించిన మామూలు మనుషులను ఒక్కొక్కరినే ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, పక్క గదిలోని వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా అతనికి కరెంటు షాక్ ఇవ్వమన్నారు. యంత్రానికి వరుసగా 30 స్విచ్‌లు ఉండేవి; మొదటిది 15 వోల్టులు, చివరిది 450. నిజానికి అవతలి వ్యక్తికి షాక్ తగిలేది కాదు, అతను ప్రయోగం జరిపేవారి మనిషే. ఆ సంగతి స్విచ్ నొక్కేవారికి తెలియదు సరికదా, నమ్మకం కుదిరేందుకు వారికి ముందుగా 45 వోల్టుల షాక్ రుచి చూపించారు కూడా. 1963లో వెలువడిన ఫలితాల ప్రకారం 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్ళారు.

దీన్నిబట్టి మనిషి స్వతహాగా క్రూరుడని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. వారిలో చాలామందికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, కొందరికి ఆపుకోలేని పిచ్చినవ్వు వచ్చింది. అంత బాధపడుతూ కూడా ఎందుకు నొక్కారన్నదే అసలు ప్రశ్న. నా మట్టుకు, కిటుకంతా ఆ స్విచ్‌ల వరుసలోనే ఉందనిపిస్తుంది. ఏ రెండు స్విచ్‌ల మధ్యా తేడా 15 వోల్టులకు మించదు కనుక, 300 దగ్గర ఆగిపోదలచినవాడు అంతకుముందు 285 ఎందుకు నొక్కాడో తనకు తానే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. దానికన్నా ఇంకొక్క మెట్టు ఎక్కడమే సులువు.

పరిస్థితి మారితే విధేయతా మారింది. బాధితుణ్ణి అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా వెళ్ళినవారు 40 శాతానికి తగ్గారు. ఆదేశాలు టెలిఫోనులో వచ్చినప్పుడు దాదాపు 20 శాతమే మిగిలారు. పైగా కొందరు, షాక్ పెంచుతున్నామని చెబుతూనే, గుట్టుగా తక్కువ వోల్టుల స్విచ్ నొక్కారు. పక్కన కూర్చున్న మరో ఇద్దరు మావల్ల కాదని లేచిపోయినప్పుడు 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్ళారు.

తటపటాయించేవారికి చెప్పేందుకు నాలుగు మాటలు ముందే సిద్ధం చేశారు. మొదటిది ‘దయచేసి కొనసాగించండి’, రెండోది ‘ప్రయోగానికి ఇది అవసరం’, నాలుగోది ‘మీకు మరో దారి లేదు, కొనసాగించి తీరాలి’. వీటిలో అచ్చమైన ఆజ్ఞ నాలుగోదే. మనస్తత్వ శాస్త్రవేత్త జెర్రీ బర్గర్ ఇదే ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేసేలా సవరించి మళ్ళీ జరిపి, 2009లో ఫలితాలు ప్రచురించారు; అందులో ఆ నాలుగో మాట విన్న ఏ ఒక్కరూ తరువాతి స్విచ్ నొక్కలేదు.