కారు ధర పడిపోతుంది, పార్టుల ధర పడిపోదు: పాత లగ్జరీ కార్ల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, పది లక్షల బండికి సస్పెన్షన్ ఖర్చే రెండున్నర లక్షలా?"

వర్క్‌షాపులో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి ఏదో ఒక లగ్జరీ కారు లోగో మీద మనసు పడి, ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో కొన్నవాళ్లు. ఎస్టిమేట్ చూడగానే వాళ్ల మొహంలో రంగు మారుతుంటే నాకూ కష్టంగానే ఉంటుంది. "క్రెటా ధరకే మెర్సిడెస్ ఎస్-క్లాస్" అని రీల్స్‌లో ఊదరగొట్టేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. అమ్మేశాక వాళ్లు ఫోన్ ఎత్తరు.

అపోహ: ఇప్పుడిది పది లక్షల కారు, కాబట్టి మెయింటెనెన్స్ కూడా పది లక్షల కారుకు అయినంతే అవుతుంది.

వాస్తవం: పది లక్షలన్నది మీకూ అమ్మినవాడికీ మధ్య కుదిరిన బేరం. పార్టుల ధరలకు దానితో సంబంధం లేదు. కొత్తగా ముప్పావు కోటి పలికిన కారు హెడ్‌లైట్, ఎయిర్ స్ట్రట్ (చక్రం దగ్గర గాలితో బండిని మోసే సస్పెన్షన్ పార్టు), ఏబీఎస్ యూనిట్ ఆ ముప్పావు కోటి కారు స్థాయికి తగ్గట్టు తయారైనవే. కారు విలువ ఏటా దిగుతుంటుంది. పార్టు మాత్రం యూరో రేటు, దిగుమతి సుంకం కలుపుకుని పైకే పోతుంది. ఏనుగు చవగ్గా దొరికిందని దాని మేత తగ్గదు కదా.

ఇన్సూరెన్స్ దగ్గర ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో కారుకు కట్టిన విలువ) 75 శాతం దాటితే కారును టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయకుండా వదిలేయాల్సిందిగా లెక్కేస్తారు. పాత కారు ఐడీవీ ఏ ఏడెనిమిది లక్షలో ఉంటుంది. ముందు నుంచి గుద్దుకుని రెండు హెడ్‌లైట్లు, బంపర్, రేడియేటర్ పోయి, ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకుంటే ఎస్టిమేట్ ఆ గీత సులువుగా దాటేస్తుంది. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉన్నా కారు చేజారుతుంది. టోటల్ లాస్ కాకపోయినా ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు సగం తరుగు తీసేస్తారు. పదేళ్లు దాటితే లోహపు పార్టులకూ సగమే. ఆ వయసు బండికి జీరో డెప్ (ఈ తరుగు తీయకుండా ఇచ్చే పాలసీ) దొరకడం కష్టం.

ఢిల్లీ బండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో మంచి మంచి డీజిల్ సెడాన్లు ఎన్‌ఓసీ పట్టుకుని హైదరాబాద్, విజయవాడ దారి పట్టాయి. కరీంనగర్ నుంచి ఒక కుర్రాడు అలాంటి బండితోనే వచ్చాడు, వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని. బండి చూస్తే ముచ్చటేసింది, లోపల తోలు సీట్లు కూడా చెక్కుచెదరలేదు. "లైఫ్ ట్యాక్స్ కట్టావా తమ్ముడూ?" అంటే తెల్లబోయాడు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడికి మార్చుకుంటే వయసును బట్టి పన్ను శాతం తగ్గుతుంది, నిజమే. కానీ లెక్క మొదలయ్యేది కారు మొదటి ధర నుంచి, మీరు కొన్న ధర నుంచి కాదు. వాళ్ల నాన్న ఒక్క మాట కూడా అనలేదు, కుర్చీలో కూర్చుని నీళ్లు అడిగారు. బ్రేకులు, కూలింగ్, టైర్లు ముందు చేయిద్దామని, సన్‌రూఫ్, మసాజ్ సీట్లు తర్వాత చూద్దామని కాగితం మీద వరసగా రాసిచ్చాను. ఆ కుర్రాడు ఆ వరస ప్రకారమే చేయించుకుంటూ వచ్చాడు, బండి ఇప్పటికీ తిరుగుతోంది. అందుకే అందరికీ చెబుతున్నా, కొన్న ధరలో కనీసం మూడో వంతు డబ్బు మొదటి ఏడాదికి పక్కన పెట్టుకోలేకపోతే ఆ బండి జోలికి పోవద్దు.

అపోహ: ధర ఎంత ఎక్కువైతే అంత మన్నిక.

వాస్తవం: లెక్సస్ ఎల్ఎస్ 400 అమెరికాలో 1989లో దాదాపు 35,000 డాలర్లకు వచ్చింది. అప్పటి జర్మన్ పెద్ద సెడాన్ల కంటే బాగా తక్కువ. అక్కడున్న మనవాళ్లు ఇప్పటికీ దాన్ని వెతికి కొనుక్కుంటున్నారంటే కారణం ఆ వీ8 ఇంజిన్, పేచీ పెట్టని గేర్‌బాక్స్. అయితే దాని స్టార్టర్ మోటార్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. పార్టు కంటే లేబరే ఎక్కువ.

మెర్సిడెస్ డబ్ల్యూ211 తరం ఈ-క్లాస్‌లో ఎస్‌బీసీ అని ఎలక్ట్రానిక్ బ్రేకు వచ్చింది. ఎన్నిసార్లు బ్రేకు పడిందో ఆ యూనిట్ లెక్కపెట్టుకుంటుంది. లెక్క నిండగానే డాష్‌బోర్డు మీద వార్నింగ్ వస్తుంది, ఇక యూనిట్ మార్చాల్సిందే. 2006 ఫేస్‌లిఫ్ట్‌లో (అదే మోడల్‌కు మార్పులు చేసి మళ్లీ తెచ్చినప్పుడు) కంపెనీయే దాన్ని తీసేసి మామూలు బ్రేకులకు వచ్చేసింది. అందుకే ఆ కారు అడిగేవాళ్లకు ఫేస్‌లిఫ్ట్ తర్వాతిదే చూడమంటాను. 1995లో పుణెలో తయారీ మొదలైన పాత డబ్ల్యూ124 తరం ఈ220లో ఇలాంటి హంగులు లేవు. ఏ పార్టుకా పార్టు విడిగా విప్పుకోవచ్చు. దానికీ ఓ జబ్బుంది: 90ల మధ్యలో వచ్చిన వాటి ఇంజిన్ వైరింగ్ మీది తొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోతుంది. హార్నెస్ (ఆ వైరింగ్ కట్ట) మార్చారో లేదో చూడకుండా కొనకూడదు.

కారు బాగుచేయదగ్గదా కాదా అని నేను చూసేది ఒక్కటే. సస్పెన్షన్‌లో చిన్న రబ్బరు బుష్ పోతే బుష్ ఒక్కటే దొరుకుతుందా, అది బిగించి ఉండే మొత్తం ఆర్మ్ కొనాలా?

మిగతావి గబగబా చెప్పేస్తా.

"గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు." కారు కంపెనీ అలా రాసినా, చాలా లగ్జరీ కార్లకు గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. మార్చండి.

"ముప్పై వేలే తిరిగింది, కొత్తదాని కిందే లెక్క." రబ్బరుకు కిలోమీటర్లు తెలియవు. నిలబెట్టిన బండిలో కూడా ఎయిర్ స్ప్రింగులు పగుళ్లిస్తాయి, బుష్‌లు ఎండిపోతాయి. రీడింగ్ వెనక్కి తిప్పలేదని నమ్మకమేంటి? సర్వీస్ హిస్టరీ తీయించండి.

"కంప్రెసర్ పోయింది, మార్చేస్తే చాలు." ఎయిర్ సస్పెన్షన్‌లో చాలాసార్లు ముందు లీకయ్యేది స్ట్రట్. ఆ లీకు పూడ్చలేక గాలి నింపే కంప్రెసర్ గంటలకొద్దీ తిరిగి కాలిపోతుంది. లీకు వదిలేసి కొత్త కంప్రెసర్ వేస్తే అదీ కాలిపోతుంది.

"స్కానర్ పెడితే పోయిన పార్టేదో అదే చెప్పేస్తుంది." కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా కనిపించిందన్నది మాత్రమే. కోడ్ చూసి పార్టులు మార్చేవాడి దగ్గరికి వెళ్లొద్దు.

"కంపెనీ డబ్బాలో వచ్చిందే ఒరిజినల్." జెడ్‌ఎఫ్ వాళ్ల లెమ్‌ఫోర్డర్ బ్రాండు కార్ల కంపెనీలకూ సస్పెన్షన్ పార్టులు ఇస్తుంది, సొంత డబ్బాలోనూ అమ్ముతుంది. డబ్బులు అక్కడ మిగుల్చుకోండి. హెడ్‌లైట్ల లాంటివి ఢిల్లీ మాయాపురిలోనో చెన్నై పుదుపేటలోనో పాత బండ్ల నుంచి తీసినవి దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగు, బ్రేకు పార్టులు మాత్రం సెకండ్స్ వేయొద్దు.

టోకెన్ ఇచ్చే ముందు కారు వీఐఎన్ (ఛాసిస్ నంబర్) తీసుకుని హెడ్‌లైట్, ముందు స్ట్రట్, ఏబీఎస్ యూనిట్, రేడియేటర్, గేర్‌బాక్స్ మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) ధరలు రాసుకోండి. రాత్రి బండి ఆపాక నాలుగు చక్రాల పైన ఫెండర్ ఎత్తు టేపుతో కొలిచి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి; ఎయిర్ సస్పెన్షన్ బండి ఓ మూల కిందికి దిగిపోయి ఉంటే అక్కడ లీకున్నట్టే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్ట్ మీ ఎదురుగా చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేసి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి.